వంటింటి మీటింగు

"గంటసేపు మగ్గం ఆపండి వసంతమ్మా, నాకు మీటింగ్ ఉంది," అన్నాడు నితిన్ మగ్గం గది గుమ్మంలో నిలబడి. ఇంటి నుంచే ఉద్యోగం కదా అని భార్య లహరితో బెంగళూరు వదిలి, గద్వాలలో వసంతమ్మ వాళ్ల మేడమీద అద్దెకు దిగి ఇంకా నెల కాలేదు.

"మీ మేడంకు గూడ మీటింగులు ఉంటయి గద సారూ. ఆమె ఎన్నడు ఆపమనలే."

"తనది చిన్న ఉద్యోగం. వంటింట్లో కూర్చుని చేసుకుంటుంది. ఎలాగూ మానేస్తోంది."

పాలగిన్నెతో లోపలికి రాబోతున్న లహరి ఆగిపోయింది. మానేస్తానని ఆమె ఎవరితోనూ అనలేదు.

వసంతమ్మ, మగ్గం మీద పక్కనే కూర్చున్న భర్తను చూసి నవ్వింది.

"విన్నవా? మా చీరకు అంచు కలవాలంటే ఇద్దరం కూసోవాలె సారూ. ఈయన లేస్తే నా చెయ్యి గూడ ఆగుతది. మీది చానా పెద్ద పని. పక్కన ఇంకో మనిషికి జాగనే ఉండదు."

"అదే కదా," అన్నాడు నితిన్ సంతోషంగా.

లహరి అతన్ని ఒక్క క్షణం చూసింది.

"మగ్గం ఆపకండి వసంతమ్మా. నితిన్, ఇవాళ్టి నుంచి నీ గదిలో నేను కూర్చుంటాను. నువ్వు వంటింట్లో కూర్చో, అక్కడికి ఈ చప్పుడు రాదు. కుక్కర్ మూడు కూతలు కూశాక స్టవ్ మాత్రం కట్టెయ్."