మామిడి పిందె అంచు

"థూ! ఇవి మామిడి పిందెలా, గుమ్మడికాయలా?"

బాలచంద్ర కాఫీ గ్లాసు పక్కకు నెట్టేశాడు. తిరుపతిలో చీరల మీద అచ్చులు వేయించే వ్యాపారం ఆయనది. అంచులు గీసే మనిషి కావాలని ఒక వెబ్‌పేజీ పెట్టించాడు. ఫోన్‌లో వేలితో మామిడి పిందె గీసి పంపాలి. నలభైమంది పంపారు. అవన్నీ ఇప్పుడు ఆఫీసు గోడ మీది పెద్ద తెరలో ఉన్నాయి.

చిత్తూరు జిల్లాలో పుట్టి మామిడి పిందె గీయడం రాని జనమా! అడ్డంగా బలిసి, ముక్కు చప్పిడై... ఛీ!

బొమ్మలు తెర నిండా కనబడాలని, పేజీ చేసిన రవిచంద్రకు నిన్ననే చెప్పాడు.

"సార్, గీసే క్యాన్వాస్‌కు రెండు కొలతలుంటాయి. లోపలిది గీతలకు, బయటిది కంటికి. రెండూ కలిపి మార్చాల. రెండు రోజులు పడతాది."

"పాఠాలొద్దప్పా. బయటిది మార్చేసి ఊరికి పో."

మార్చేసి పోయాడు.

ముప్పైతొమ్మిది గుమ్మడికాయలు దాటాక నలభయ్యోది వచ్చింది. చంద్రగిరి అమ్మాయి, పేరు ఐశ్వర్య. అబ్బ! కొనదేలిన ముక్కు, ఒద్దికైన వంపు. హమ్మయ్య, ఒక్కరికైనా చేయి తిరిగింది.

"పని ఈ పాపకే. ఈమె గీసిందే నేరుగా అచ్చుకు పంపండి," అన్నాడు.

అప్పుడే పంకజాక్షి వచ్చింది. శ్రీకాళహస్తిలో పద్నాలుగేళ్లు గుడ్డ మీద కలంకారీ గీసిన మనిషి. అక్కడి పని మూతబడి ఆరు నెలలైంది.

"సార్, నేను గీసింది అట్ల లేదు. ఈ ఫోన్‌లో ఒక్కసారి సూడండి. ఈ పనినే నమ్ముకోని ఉండాను సార్."

తెర మీద ఆమె పిందె కూడా పొట్ట ఉబ్బిన గుమ్మడికాయే.

"నీ ఫోన్ నాకెందుకమ్మా? ఆడ కనబడతానే ఉండాది కదా నీ పనితనం! పద్నాలుగేళ్లు ఏం గీసినావో ఏమో. పో పో, సూస్తేనే డోకొస్తా ఉండాది."

ఆమె కళ్లు తుడుచుకుని మెట్లు దిగిపోయింది.

సాయంత్రానికి రేణిగుంట షెడ్డులో ఐశ్వర్య పిందె అచ్చు మొదలైంది. మొత్తం ఐదువేల చీరలు.

సోమవారం రవిచంద్ర ఊరి నుంచి వచ్చి, మిగిలిపోయిన లోపలి కొలత కూడా సరిచేసి, అడ్డంగా సాగిపోయిన బొమ్మలను గీసినవి గీసినట్టే కనబడేలా చేశాడు. తెర మీది ముప్పైతొమ్మిది గుమ్మడికాయలూ ముచ్చటైన మామిడి పిందెలైపోయాయి, ఐశ్వర్యది ఒక్కటే మునక్కాయ అయింది.