పధ్నాలుగు గదుల ఇల్లు

అడగకముందే పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడిచి, చెయ్యి బల్ల మీద పెట్టాడు.

"నెత్తురు తర్వాత తీస్తాం బాబాయిగారూ. ముందు నాలుగు ప్రశ్నలు," అంది సర్వే అమ్మాయి నవ్వు ఆపుకుంటూ.

నిజానికి ఆమెకు లోపల గుబులుగా ఉంది. ఒకే ఏడాది పుట్టినవాళ్ళ ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనిస్తున్న అధ్యయనం అది. చిన్నతనం ఎలా గడిచిందో ఇప్పుడు అడుగుతున్నారు. బీదరికంలో పెరిగినవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఈ సాయంత్రానికి అలాంటివారు ఇంకొక్కరైనా దొరక్కపోతే ఆ వర్గాన్నే తీసేస్తానని పెద్ద మేడం తేల్చి చెప్పింది. అమ్మాయి పుట్టిందీ అలాంటి ఇంట్లోనే. మావాళ్ళు లెక్కకు కూడా రారా అని ఆమె బాధ.

"పదేళ్ళప్పుడు మీరున్న ఇంట్లో గదులెన్ని?"

"పధ్నాలుగు." ఏ గదికి కిటికీ ఎటువైపో కూడా చెప్పుకొచ్చాడు.

"కారు?"

"రెండు. నల్లది మహా మొండిది తల్లీ, తోస్తేగానీ కదిలేది కాదు."

"పుస్తకాలు?"

"ఓ గది నిండా. వాటి మీద దుమ్ము సంగతి మాత్రం అడక్కు."

అమ్మాయి ఉసూరుమంది. తర్వాతి ప్రశ్న తండ్రి ఉద్యోగం. అంత ఇంటి బిడ్డను పట్టుకుని మీ నాన్న ఏం చేసేవారని అడిగితే ఏం బాగుంటుందని దాన్ని దాటేసింది. కలిగినవాళ్ళ కోటా ఎప్పుడో నిండిపోయిందని మెల్లగా చెప్పి, టీ ఇచ్చింది.

"నెత్తురు వద్దా? అనవసరంగా భోజనం మానేశానే," అని ఆయన నవ్వేశాడు. ఇటునుంచి ఇటే బండెక్కి కూతురి ఊరు వెళ్ళిపోతాడట. తాగిన కప్పు తనే కడిగి బోర్లించి వెళ్ళాడు.

వెంటనే ఒకావిడ వచ్చింది. ఈవిడ ఇంటికీ పధ్నాలుగు గదులే. రెండు కార్లు. గది నిండా పుస్తకాలు.

"మీరు కవలలా అండీ? మీ అన్నయ్యగారు ఇప్పుడే వెళ్ళారు," అంది అమ్మాయి.

"నాకు తోడబుట్టినవాళ్ళు లేరమ్మా." ఆవిడ కాసేపు ఆలోచించింది. "నల్ల కారుని తిట్టాడా?"

"తిట్టారు."

ఆవిడ పకపకా నవ్వింది. "ఎన్నేళ్ళయిందో వాణ్ణి చూసి. ఎటు వెళ్ళాడు?"

అమ్మాయి కిటికీలోంచి చూసింది. ఆయన ఎక్కిన బస్సు మలుపు తిరిగిపోయింది.

"పోనీలే, నవ్వుతూ ఉన్నాడు, అది చాలు. మా వంటావిడ కొడుకమ్మా. తల్లీకొడుకులు వంటింటి మూల ఒకే చాప మీద పడుకునేవాళ్ళు, మేం లేచేసరికి ఆ పధ్నాలుగు గదులూ ఊడ్చి ఉంచేవాడు."