ఇంటి మనిషి, పని మనిషి

“డబ్బు ఆవిడ చేతికిస్తే అది జీతం కింద లెక్క. జీతమంటే పన్ను. అదే పద్ధతి ప్రకారం ఆవిడ హెల్త్ ఇన్సూరెన్సుకి కట్టారనుకోండి, పైసా పన్ను లేదు,” అన్నాడు ఫ్లాయిడ్.

ఫ్లాయిడ్ పన్నుల సలహాదారు. మార్సీ వెతికి మరీ పిలిపించింది. అతను ఈ ఇంటికి రావడం ఇదే మొదలు. అమెరికాలోని టొలీడో ఊళ్ళో మంచు కరిగి వాకిలంతా బురదగా ఉంది. మార్సీ అతని చేత బూట్లు గుమ్మం బయటే విప్పించింది. పాపం, మేజోడుకి చిల్లు! కాళ్ళు బల్ల కిందకి దాచుకుని కూర్చున్నాడు.

వంటింటి బల్ల చుట్టూ మిగిలినవాళ్ళు ముగ్గురే. ఇంటాయన లోవెల్, ఆయన భార్య మార్సీ, ఇంటి పనికి కుదురుతున్న నోరీన్.

“పన్ను పీకే డాక్టరైనా మత్తుమందు ఇస్తాడు. మా పన్నుకి అదీ లేదు,” అని ఫ్లాయిడ్ తనే నవ్వుకున్నాడు. ఇంకెవరూ నవ్వలేదు.

నోరీన్‌కి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. రొమ్ములో గడ్డ తీశారు. మందు ఇంకా ఎక్కిస్తూనే ఉన్నారు. ఈ నెలాఖరుతో ఆమెకున్న ఇన్సూరెన్సు ఆగిపోతుంది. కార్డు లేకపోతే మందు ఎక్కించడం కుదరదని ఆసుపత్రిలో ఎంతో మర్యాదగా చెప్పారు. భయపడాల్సిన మాటే. కానీ ఆమెలో భయం కూడా మొద్దుబారిపోయింది.

“పనేమిటో చెప్పండి, రాసుకుంటా,” అన్నాడు ఫ్లాయిడ్.

“కింద గదులు తుడవాలి. బట్టలు, వంట,” అంది మార్సీ. నోరీన్ వైపు తిరిగింది. “మీరు పక్క గుమ్మంలోంచి వస్తే బాగుంటుంది. ఈ వీధి వాళ్ళ నోళ్ళు మంచివి కావు. పైన మా పడగ్గది జోలికి మాత్రం వెళ్ళకండి. అది నేనే సర్దుకుంటాను.”

“సరే,” అంది నోరీన్.

“వంట సంగతి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదులే,” అన్నాడు లోవెల్.

“నేను చెప్తాను,” అంది మార్సీ కటువుగా.

ఆ ఇంటి ముసలి కుక్క వచ్చి నోరీన్ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. మార్సీ రెండుసార్లు పిలిచింది. అది కన్ను కూడా తెరవలేదు.

“విశ్వాసం లేని కుక్క!” అని విసుక్కుంటూ కేకు కోయడానికి లేచింది. ఈ సొరుగూ ఆ సొరుగూ లాగింది. కత్తి దొరకలేదు. “మాది కొత్త కాపురం, ఈ వంటిల్లు ఇంకా అలవాటు కాలేదు,” అంది ఫ్లాయిడ్‌తో. నోరీన్ లేచి, పొయ్యి పక్క సొరుగులోంచి కత్తి తీసి ఇచ్చింది.

“భలే, అప్పుడే పనిలో దిగిపోయారే!” అని మెచ్చుకున్నాడు ఫ్లాయిడ్. “సరే, లోవెల్ గారూ, ఈవిడ మీకు చుట్టమా?”

“చుట్టమంటే... మా ఇంటి మనిషిలాంటిదే,” అన్నాడు లోవెల్.

“అయ్యబాబోయ్, ఆ మాట ఎక్కడా అనకండి! పనివాళ్ళ గురించి అందరూ ఇదే పాట పాడతారు. ఇంటి మనిషైతే నిబంధనలు వేరు, పని మనిషైతే వేరు. మధ్యలో ఉంటే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది ఆవిడ బతుకు. ఏదో ఒకటి తేల్చండి.”

లోవెల్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

“పని మనిషినే,” అంది నోరీన్.

“చుట్టరికం?”

“ఏమీ లేదు.”

ఆ మాట పక్కింట్లో ఎవరో అంటుంటే వినబడ్డట్టుంది ఆమెకి. అంతే. బాధ కూడా అనిపించలేదు.

“హమ్మయ్య! అయితే పన్ను బెడద లేదు. మీరు పాలసీ తీసుకోండి, వీళ్ళు దానికి కడతారు. ఒకటో తారీఖు నుంచి మీ మందులకి ఢోకా లేదు,” అన్నాడు ఫ్లాయిడ్. “ఇక ఒక్కటే ప్రశ్న. పాతది పోతేనే ఏడాది మధ్యలో కొత్తది ఇస్తారు, అందుకే అడుగుతారు. ఇంతవరకూ మీ ఇన్సూరెన్సు ఎవరి తరఫున ఉండేదమ్మా?”

మార్సీ కేకు కోయడం ఆపింది.

“ఈయన తరఫునే,” అంది నోరీన్, “ఈయన భార్యగా.”