తోక విరిగిన చిలక

"కర్రముక్కలు లోపలికి పోనివ్వమండీ," అన్నాడు గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి, సంచిలోకి తొంగి చూసి.

"కర్రముక్కేంటి బాబూ, అద్దకం అచ్చు. మా నాన్న చెక్కింది," అన్నాడు అంకమ్మరావు.

"పంపించవయ్యా. అది సాక్షి," అన్నారు వెంకటకృష్ణారావు గారు.

చరిత్ర లెక్చరరుగా రిటైరై పటమటలో ఉంటున్న ఆయనకు దేవుడి మీద, జాతకాల మీద, కొత్త యంత్రాల మీద సమానంగా అపనమ్మకం. అయినా కొత్త హంగులతో మ్యూజియం మళ్ళీ తెరిచిన మొదటి వారంలోనే అంకమ్మరావును పెడన నుంచి పిలిపించారు. అక్కడి కలంకారీ గోడతెర కింద రాసిన వివరం తప్పని ఎనిమిదేళ్ళలో తాను మ్యూజియానికి రాసిన పదకొండు ఉత్తరాలకు "వివరం సవరించాం" అని ఒకే వాక్యం జవాబుగా వచ్చింది. ఏమని సవరించారో అందులో లేదు.

అంకమ్మరావు చంకలో ఇంకో పొట్లం ఉంది. స్వయంగా అద్దిన కలంకారీ కండువా.

"ముందు ఇది కప్పనివ్వండి మాస్టారూ. నాన్న పేరు పడినా పడకపోయినా, మాకోసం ఇంత తిరిగింది మీరొక్కరే."

"ఇప్పుడు కాదు. వెళ్ళేటప్పుడు పుస్తకంలో సంతకాలు చేస్తాం కదా, అప్పటికీ కప్పాలనిపిస్తే కప్పండి."

"అదేం షరతండీ!"

"పెద్దవాణ్ణి. ఒక్క షరతు పెట్టుకోనివ్వండి."

లోపల, ఒకప్పుడు ఏదో జమీందారు కుటుంబం ఇచ్చిన గోడతెర అద్దాల వెనక వేలాడుతోంది. దాని ముందు ఒక గాజుబల్ల, పక్కన నిలువెత్తు కంప్యూటర్ తెర.

"అచ్చు బల్ల మీద బోర్లా పెట్టండి," అంది ఉద్యోగిని శ్రీదుర్గ.

"ఈ బల్ల చెబితే మేం నమ్మాలా అమ్మాయ్?"

"అది చెప్పదు సార్, చూపిస్తుంది. నమ్మడం మీ ఇష్టం."

"నీకు తర్కం తెలుసు," అన్నారాయన.

అచ్చులో బొమ్మ తిరగబడి ఉంటుంది కనుక, బల్ల దాన్ని సరిచేసి తెర మీద గుడ్డ అంచులోని చిలకల వరుసపైకి జరిపింది. అచ్చులో చిలక తోక కొస విరిగి ఉంది. గుడ్డ మీద ప్రతి చిలకకూ సరిగ్గా అక్కడే, అంతే ఖాళీ. గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. కింద అక్షరాలు వెలిగాయి.

అంకమ్మరావు కళ్ళు మూసుకున్నాడు. "మీరే చదవండి మాస్టారూ."

"తయారీ: పెడన, కృష్ణా జిల్లా. అచ్చు, అద్దకం: నాంచారయ్య."

"పడిందయ్యా నాన్నా, నీ పేరు!" అన్నాడు అంకమ్మరావు కళ్ళు తెరిచి.

బల్లకు కృతజ్ఞత చెప్పడం అశాస్త్రీయం కనుక వెంకటకృష్ణారావు గారు శ్రీదుర్గకు చెప్పారు. తర్వాత తెర మూలన ఉన్న "పాత వివరం" అనే బటన్‌ను తానే నొక్కారు. చేతిరాతలో ఉన్న చీటీ ఒకటి కనిపించింది: "పర్షియా నుంచి దిగుమతి. స్థానికుల పని అనడానికి ఆధారం లేదు. 1991." కింద గజిబిజి సంతకం, పొడవాటి గీత, ఆ గీత కింద మూడు చుక్కలు.

"ఎవరమ్మా ఈ మహానుభావుడు?" అన్నాడు అంకమ్మరావు.

"తెలీదండీ. అప్పట్లో బయటివాళ్ళ చేత రాయించేవాళ్ళట. పేరు చదవడానికి రావట్లేదు."

"రెండు బస్సులు మారి వచ్చి ఇది నా పనే బాబూ అంటే, కాగితం ఉందా అని మా నాన్నని పంపేశాడంట. చదువుకున్నోడు కదా, గుడ్డ తడిమి చూడ్డం ఏం తెలుస్తది!"

"ఆధారం అడగడం తప్పు కాదు," అన్నారు వెంకటకృష్ణారావు గారు నెమ్మదిగా. "సంచిలోంచి అచ్చు తీయబోతున్న మనిషిని తీయనివ్వకపోవడం తప్పు."

"పోన్లెండి. అలాంటోళ్ళు పదిమంది ఉన్నా, మీలాంటోరు ఒక్కరుంటే చాలు."

బయటికి వెళ్ళే దారిలో సందర్శకుల పుస్తకం ఉంది. అంకమ్మరావు కూడబలుక్కుంటూ తన పేరు రాసి, దాని పక్కనే నాన్న పేరూ రాశాడు. కలం మాస్టారి చేతికిచ్చి పొట్లం విప్పసాగాడు.

ఆయన సంతకం చేసి, పుస్తకాన్ని అంకమ్మరావు వైపు తిప్పారు.

"కప్పేముందు ఇది చూడండి."

పొడవాటి గీత, దాని కింద మూడు చుక్కలు.