కొత్త మెమరీలో సన్నాయి

పాత మెమరీలో ఉన్న వాద్యాలన్నింటినీ కొత్త మెమరీకి మార్చాలని ఉత్తర్వు రావడంతో, బొబ్బిలిలో పెళ్లిళ్లకు పాటల పెట్టె నడిపే పైడితల్లి కూడా తన పెట్టెలోని సన్నాయిమేళం సాఫ్ట్‌వేర్‌ను మార్పించింది. పాతది ఇరుకు. అందులో సన్నాయి రాగాన్ని గబగబా ముగించి, పురోహితుడు చెయ్యెత్తగానే గట్టిమేళం అందుకునేది.

కొత్త మెమరీతో అదే తొలి పెళ్లి. పెళ్లికొడుకు తాళి పట్టుకుని నిలబడ్డాడు. పురోహితుడు చెయ్యెత్తాడు. సన్నాయి మాత్రం ఆలాపన ఆపలేదు.

"మూర్తం దాటిపోతంది. మేళం అందుకో నాయినా" అంది పైడితల్లి పెట్టె మీదికి వంగి.

"ఇంత చోటు ఎప్పుడైనా ఇచ్చావా పైడమ్మా? రాగంలో ఇంకా వసారా కూడా దాటలేదు" అంది సన్నాయి.

పెట్టె కట్టేద్దామంటే పెళ్లికూతురి నాయనమ్మ ఒప్పుకోలేదు. సగంలో ఆపిన సన్నాయి అశుభమట. చివరికి ఆలాపనలోనే మూడు ముళ్లూ పడ్డాయి. పురోహితుడు మాత్రం, "మేళం మోగనిదే పెళ్లయిందని నేను చెప్పలేను" అని మొండికేశాడు.

చేసేది లేక పైడితల్లి పెట్టె నెత్తిన పెట్టుకుని పెళ్లికూతురి వెంట అత్తవారింటికి వెళ్లింది. మేళం మోగేదాకా ఉంటానని పురోహితుడూ వెళ్లాడు. ఆ ఇంట్లో వాళ్లు రాగం వింటూనే వండుకున్నారు, వింటూనే నిద్రపోయారు. పైడితల్లికి మొదట్లో తల కొట్టేసినట్టుండేది. తర్వాత్తర్వాత రాగంలోని సంగతులు బాగున్నాయనిపించి, చేతిలో చేట పక్కన పెట్టి మరీ వినేది.

ఏడాది తిరిగాక, ఆ జంట బిడ్డకు బారసాల నాడు, ఉయ్యాలలో వేస్తుండగా ఆలాపన ముగిసి గట్టిమేళం మోగింది. అందరూ ఉలిక్కిపడి అక్షింతలు వేశారు. పురోహితుడు కళ్లు తుడుచుకుని, "ఇప్పటికి పెళ్లయింది" అన్నాడు.