ఒక్క పేరు

“ఒక్కడి పేరు చెప్పు. ఒక్కడంటే ఒక్కడు!” అన్నాడు ఫణికుమార్, నాచోస్ ట్రే ఒళ్ళో పెట్టుకుంటూ.

కూతురు ఇషా బేస్‌బాల్ మైదానం వైపు తల తిప్పుకుంది.

పదమూడేళ్ళ ఇషా స్కూల్ సాఫ్ట్‌బాల్ టీమ్‌లో పిచర్. బేస్‌బాల్ లాంటి ఆ ఆటలో బంతి విసరడమే ఆమె పని. ఊళ్ళు తిరిగి ఆడే పెద్ద టీమ్ కోచ్ ఆమెను రమ్మన్నాడు. ఈ రాత్రిలోగా తండ్రి సరేననాలి.

“డాక్టర్లలో మనవాళ్ళున్నారు. సీఈఓల్లో ఉన్నారు. స్పెల్లింగ్ బీలో అయితే అంతా మనవాళ్ళే. బేస్‌బాల్‌లో బంతి విసిరే తెలుగువాడు ఎవడున్నాడే? ఒక్క పేరు చెప్పు, ఈ క్షణమే కోచ్‌కి ఫోన్ చేస్తా.”

“ఎవరూ లేకపోతే నేను ఆడకూడదా?”

“లేరంటే అది మనకి పనికొచ్చేది కాదనే!”

పక్క సీట్లో కేశవరావు నవ్వాడు. పార్సిప్పనీలో ఇద్దరిదీ ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్. ఇద్దరి ఒంటిమీదా సొంతూరి టీమ్ ఫాల్కన్స్ జెర్సీలే.

చిన్న లీగ్, చిన్న స్టేడియం. వాళ్ళ సీట్ల ముందే, తక్కువ ఎత్తు గోడకి అవతల, ఎదుటి టీమ్ పిచర్లు చెయ్యి వేడెక్కించుకునే చోటుంది. అక్కడ పాతికేళ్ళ యువకుడొకడు బంతులు విసురుతున్నాడు. ఒక్క క్షణం ఆగి ఇషా వైపు చూశాడు.

మళ్ళీ విసరడం మొదలుపెట్టాడు.

స్కోరు పదహారు–ఒకటి. ఫాల్కన్స్ చితక్కొట్టేస్తున్నారు. ఎదుటి టీమ్ మిల్లర్స్‌కి ఇదేం కొత్త కాదు. సీజన్ మొదలైనప్పటి నుంచి ఓడుతూనే ఉన్నారు.

“నౌ పిచింగ్... మరేయా!” మైకు గట్టిగా పలికింది.

యువకుడు టోపీ సర్దుకుని మైదానంలోకి పరుగెత్తాడు. వీపు మీద నంబరే తప్ప పేరు లేదు.

“స్పానిష్ వాడు,” తేల్చేశాడు కేశవరావు.

“వాళ్ళ కోచ్ అతనికి చెప్తుంటే నేను విన్నాను,” అంది ఇషా. “ఇవాళ బాగా వెయ్యకపోతే టీమ్‌లోంచి కట్ చేస్తారు అంట.”

“చెయ్యనీ. మనకేం పోయింది?”

మరేయా మొదటి బంతి విసిరాడు. బ్యాటర్ కొట్టిన దెబ్బకి అది మైదానం చివరి గోడ దాటి వెళ్ళిపోయింది.

స్టేడియం హోరెత్తింది.

ఫణికుమార్ లేచి, రెండు చేతులూ నోటిచుట్టూ పెట్టుకున్నాడు.

“ఒరేయ్ మరేయా! బంతి విసురుతున్నావా, అక్షింతలు వేస్తున్నావా?”

“అది బంతి కాదు బాసూ, లడ్డూ ప్రసాదం!” అందుకున్నాడు కేశవరావు. “వచ్చినవాడికల్లా పంచుతున్నాడు!”

“నాన్నా, స్టాప్ ఇట్!”

“వాడికి అర్థమై చచ్చిందా ఏంటి? తెలుగేగా!”

“అర్థం కాకపోతే తిట్టొచ్చా? నేను ఆడేటప్పుడు నన్ను ఎవరైనా అలా అంటే?”

“అందుకే కదే వద్దంటున్నా!”

ఇషా ముఖం ఎర్రబడింది. లేచి, రెండు సీట్లు అవతలికి వెళ్ళి కూర్చుంది.

పదిహేడు. పద్దెనిమిది. ఇరవై.

“చేతిలో బలమే లేదురా నీకు!” ఫణికుమార్ గొంతు చించుకున్నాడు. “చిన్నప్పుడు మీ అమ్మ గోరుముద్దలు పెట్టలేదా?”

మరేయా చేతిలోంచి బంతి జారిపోయింది.

వంగి తీసుకున్నాడు. నిటారుగా నిలబడి వీళ్ళవైపే చూశాడు.

“చూపు చూడు! చిత్తుగా ఓడుతూ కూడా ఎంత పొగరో!” ఫణికుమార్‌కి ఒళ్ళు మండింది.

అంతకంటే ఎక్కువ మండింది ఇషాకి.

గోడ దగ్గరికి పరుగెత్తింది. తండ్రికి పోటీగా తెలుగులోనే అరిచింది.

“భయపడకు! నువ్వు వెయ్యి!”

మరేయా టోపీ కిందికి లాక్కున్నాడు. విసిరాడు. బ్యాట్ గాలిని కొట్టింది.

మళ్ళీ విసిరాడు. మళ్ళీ గాలినే.

మూడో బంతికి బ్యాటర్ అవుట్, ఫాల్కన్స్ బ్యాటింగ్ వంతు ముగిసింది. మిల్లర్స్‌కి ఊపిరి పీల్చుకునే వీలు దొరికింది.

అంత స్టేడియంలో అతని కోసం చప్పట్లు కొట్టింది ఇషా ఒక్కతే.

మైదానం బయటికి వచ్చిన మరేయా భుజం మీద కోచ్ చెయ్యి వేసి ఏదో చెప్పాడు. మరేయా తలూపాడు. టోపీ తీసేశాడు.

ఆట ముగిశాక పార్కింగ్ లాట్ అంతా హారన్ల మోత. ఫణికుమార్ ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతులు కూడా చరుస్తున్నాడు.

“ఇరవై–ఒకటి! చీల్చి చెండాడేశాం!”

మిల్లర్స్ బస్సు గేటు దాటి వెళ్ళిపోయింది.

మరేయా అందులో లేడు. గేటు పక్కన బ్యాగ్‌తో నిలబడి ఉన్నాడు. జెర్సీ లేదు. మామూలు టీషర్ట్ వేసుకున్నాడు.

“కట్ చేసేశారు,” అంది ఇషా. “ఇప్పుడు హ్యాపీయేనా నాన్నా?”

కేశవరావు కారు తాళాలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఫణికుమార్ ఇబ్బందిగా దగ్గాడు. కూతురి ముందు ఏదో ఒకటి అనాలి కాబట్టి, దగ్గరికెళ్ళి చెయ్యి చాపాడు.

“హార్డ్ లక్, మరేయా. వియ్ వర్ జస్ట్ హ్యావింగ్ ఫన్.”

యువకుడు ఆ చెయ్యి అందుకోలేదు. బ్యాగ్‌లోంచి బంతి తీసి ఇషా చేతిలో పెట్టాడు.

తర్వాత ఫణికుమార్ వైపు తిరిగాడు. అచ్చం ఇషా మాట్లాడినట్టే ఉన్న తెలుగులో, మెల్లగా అన్నాడు.

“ఇంగ్లీషులో రెండు ‘ఎల్’లు చూసి మైకులో ఎప్పుడూ స్పానిష్‌లా తప్పే చదువుతారు అంకుల్... మీరు అడిగిన ఆ ఒక్క పేరు మరేయా కాదు, మా ఇంటిపేరు మారెళ్ళ.”