అంచు మీద పేరు

“పేరు కుట్టనంటే కుట్టను. ఇంగేమైనా చెప్పన్నా.”

శివలీల కుట్టుమిషన్ మీద నుంచి చెయ్యి తీసేసింది. ఎదురుగా నిలబడ్డ వీరభద్ర మొహం కందగడ్డయింది. వేంపల్లె బజారులో ఆయనకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. పైగా ఆమె జెండాలు కుట్టే ఆ గది కూడా ఆయనదే.

పాతకాలపు జెండాలకు నకళ్లు కుట్టడం శివలీల పని. దాచుకునేవాళ్లు, ఇంటి ముందు ఎగరేసుకునేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఫోన్ చేసి తెప్పించుకుంటారు. ఇప్పుడు మిషన్ మీదున్నది స్వరాజ్య ఉద్యమం నాటి రాట్నం జెండా. పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు. ఆగస్టు పదిహేనున వీరభద్ర తన కొత్త కల్యాణమండపం ముందు దాన్ని ఎగరేస్తాడు. అంచు మీద వాళ్ల తాత పేరు బంగారు దారంతో కుట్టాలంటాడు.

“ఆ జెండా మోసింది మా తాత. ఆయన పేరేస్తే నీకేం నొప్పి?”

“ఆ దినాల్లో జెండాల మీద ఎవురి పేరూ లేదన్నా. నేను కుట్టేది నకలే. అయినా అబద్ధం కుట్టను.”

“గది ఖాళీ చేయిస్తా!”

పక్క మిషన్ మీద కుట్టే సంతోషమ్మ ఆమె కొంగు పట్టి లాగింది. “కుట్టిచ్చేద్దాం అక్కా. యాడికి పోతాం మనం?”

“రోడ్డు మీద మిషన్ పెట్టుకొని కుడతా. ఈ ఎండలు నాకు కొత్తనా?” అంది శివలీల, వీరభద్ర మీద నుంచి చూపు తిప్పకుండా.

పక్క అంగడిలో టీ తాగుతున్నవాళ్లు గ్లాసులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అంతమంది ముందు తగ్గడం వీరభద్ర వల్ల కాలేదు. “సాక్ష్యం కావాల్నా నీకు?” అంటూ కారు దగ్గరికి పోయాడు. మండపంలో తగిలించడానికి పెట్టుకున్న పటం తెచ్చి మిషన్ మీద పెట్టాడు.

మసకబారిన ఫోటో. తలపాగా, మెలేసిన మీసం, రెండు చేతుల నిండా రాట్నం జెండా.

“మా తాతే! ఇప్పుడేమంటావు?”

గుమ్మంలో ఎవరో “ఇంగ కుట్టుమ్మా” అన్నారు. శివలీల పటాన్ని దగ్గరికి లాక్కుంది.

“మోసినాడంటే ఒప్పుకుంటా. పేరు మాత్రం కుట్టను. రాట్నం సగం చట్రం కింద పోయింది, ఎట్లుండాదో సరిగా చూడాల. పటం విప్పుతానన్నా.”

వెనక మేకులు లాగి ఫోటో బయటికి తీసింది. తిప్పితే, సిరాతో రాసిన రెండు వరుసలు కనిపించాయి.

“మా తాత దస్తూరీ!” వీరభద్ర పొంగిపోయాడు. “చదువు. అందరూ వినాల.”

శివలీల ముందు మనసులో చదువుకుంది. తలెత్తి ఆయన వైపు చూసింది.

“గట్టిగానా అన్నా?”

“గట్టిగానే!”

“‘స్వరాజ్యంవాళ్ల చేతుల్లోంచి ఈ జెండా గుంజుకొచ్చినందుకు, దొరవారు మెచ్చుకొని నాకు తీయించిన ఫోటో.’”